టోస్టర్ పక్క ప్లగ్గు

వెర్రిబీ,
మే 4

అక్కా,

ఎలా ఉన్నావ్? ఫోన్ చేస్తే "నన్ను హోల్డ్‌లో పెట్టి కస్టమర్‌కి కందిపప్పు అమ్ముతావు, మెయిల్ రాయి, తీరిగ్గా చదువుకుంటా" అన్నావు కదా, అందుకే ఇది. కౌంటర్ మీద లాప్‌టాప్ పెట్టుకుని టకటకా కొడుతున్నా, తప్పులుంటే సర్దుకో. నువ్వు లైబ్రరీలో పనిచేస్తావు కాబట్టి ఎలాగూ ఎర్ర పెన్నుతో చదువుతావు.

పార్సెల్ నిన్న పోస్ట్‌లో వేశా. గోంగూర పచ్చడి రెండు సీసాలు, నీలిమ కొట్టిన కరివేపాకు పొడి, నువ్వు అడిగిన ఇడ్లీ రవ్వ. నూనె కారకుండా మూడు కవర్లు చుట్టా. అయినా కారితే నన్ను తిట్టొద్దు, సీసా మూతలు పెట్టింది మా ఆవిడే, నీలిమనే తిట్టు. అడుగున బబుల్ రాపర్‌లో తెల్ల చార్జర్ ఉంటుంది, అది బావకి. ఫోన్ చార్జర్ పాడైపోయిందట, ఒకటి పంపరా అన్నాడు. కొట్లో కొత్తగా పెట్టిన సరుకు. గోడ ప్లగ్‌లో పెడితే గబగబా ఎక్కించేస్తుంది. ఒక్కటి మాత్రం చెప్పు బావకి. మంచం మీద, గుడ్డల మధ్య పెట్టి చార్జ్ చేయొద్దని, మనిషి దగ్గరున్నప్పుడే పెట్టుకోమని. నేను చెప్తే "ముప్పై ఏళ్ళు బ్రిడ్జిలు కట్టిన ఇంజనీర్‌కి కరెంటు పాఠాలా" అంటాడు. నీ మాటైతే వింటాడు.

బావ గుండెకి స్టెంట్ వేసి ఈ నెలకి రెండేళ్ళు కదా. కూతురు గీతిక తల మీద చెయ్యి వేయించి, ఒట్టు పెట్టించి సిగరెట్ మాన్పించావు చూడు, ఆ రోజు నాకింకా గుర్తుంది. మాట మీద నిలబడ్డాడు మనిషి. గొప్ప విషయం అక్కా.

పెద్దాయన ఎవరో వచ్చి బెల్లం వాసన చూస్తున్నాడు, కొనేదాకా వదిలేలా లేడు. ఉంటా.

తమ్ముడు
భాస్కర్


స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్, బ్రిస్బేన్,
మే 11

ఒరేయ్ భాస్కరూ,

పార్సెల్ అందింది. నూనె కారలేదు, నీలిమకి నా తరఫున నమస్కారం పెట్టు. మీ బావ గోంగూర సీసా కూడా చూడకుండా ముందు ఆ బబుల్ రాపర్ చించాడు. చించి జేబులో వేసుకున్నాడు. పొద్దున్నే టోస్టర్ పక్క ప్లగ్‌లో ఆయన ఫోను పాత చార్జర్‌తో చక్కగా చార్జ్ అవుతూనే ఉంది మరి. "ఏమండీ, పాడైందన్నారుగా?" అంటే "అప్పుడప్పుడూ పాడవుతుంది" అన్నాడు. అప్పుడప్పుడూ పాడయ్యే చార్జర్ నేనెక్కడా వినలేదు.

నువ్వు చెప్పమన్నవి చెప్పా. "సరే మేడమ్" అన్నాడు.

మీ బావ ఈమధ్య ఒక పని నేర్చుకున్నాడు, నవ్వొస్తుంది. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఒక్క టవల్ మడతపెట్టని మనిషి, లాండ్రీ గదిలో కప్‌బోర్డ్ మొత్తం తనే సర్దుతానంటాడు. నన్ను చెయ్యి వేయనివ్వడు. "నీకు నడుం నొప్పి, నువ్వు వంగకు" అంటాడు. పోనీలే, బుద్ధి వచ్చింది కదా అని ఊరుకున్నా. ఆయన చొక్కాలన్నీ పచ్చి యాపిల్ వాసన. కొత్త సబ్బట.

జూలైలో వాళ్ళన్నయ్య జనార్దనరావు గారూ, మా తోడికోడలు అక్కయ్యా వస్తున్నారు. సిడ్నీ అవతల హెలెన్స్‌బర్గ్ గుడి దగ్గరే ఉంటారు కదా, ప్రసాదం డబ్బాతో సహా దిగుతారు. యాభై తొమ్మిదేళ్ళొచ్చినా వాళ్ళన్నయ్య ముందు మీ బావ కాలు మీద కాలు వేసుకోడు. పాత రోజుల్లో కూడా ఆయనొస్తే సిగరెట్ పెట్టె నా హ్యాండ్‌బ్యాగ్‌లోకి వచ్చేది. నేనే దాచేదాన్ని. అలా దాచీ దాచీ నాకూ అలవాటైపోయింది.

నీ బీపీ చూపించుకున్నావా?

అక్క


వెర్రిబీ,
జూన్ 12

అక్కా,

బీపీ బానే ఉంది. నీలిమ ఉప్పు తగ్గించింది, నా జీవితంలో రుచి తగ్గింది, అంతే.

చలి చంపేస్తోంది ఇక్కడ. జనం బయటికి రావట్లేదు. వచ్చినవాళ్ళు పిండివంటలు కొనకుండా హీటర్ ముందు నిలబడి వెళ్తున్నారు. నిన్నొకాయన ఇరవై నిమిషాలు నిలబడి పుదీనా కట్ట కొన్నాడు. పోనీ, పుదీనా అయినా కొన్నాడు.

అక్కా, బావని ఒకసారి నాకు ఫోన్ చేయమంటావా? మెసేజ్ పెట్టా, "ఓకే" అని ఒక్క ముక్క కొట్టాడు. చిన్న పనిలే, నువ్వేం కంగారు పడకు. మగాళ్ళ సంగతి.

జూలైలో జనార్దనరావు గారికి నా నమస్కారం చెప్పు. ఈసారి గుత్తి వంకాయ చెయ్యి, పోయినసారి ఆయన అడిగి అడిగి తిన్నాడు.

భాస్కర్


బ్రిస్బేన్,
ఆగస్టు 3

భాస్కర్,

ఇది అద్దె ఇంటి నుంచి రాస్తున్నా. స్ప్రింగ్‌ఫీల్డ్ ఇంటి వెనక భాగం ఇంకా టార్పాలిన్ కప్పే ఉంది. గీతిక సెలవు అయిపోయి సిడ్నీ వెళ్ళిపోయింది. నర్సు ఉద్యోగం, ఎన్నాళ్ళని ఉంటుంది. నువ్వు వెళ్ళి కూడా రెండు వారాలైంది. వచ్చినవాళ్ళందరూ అడిగారు, ఏం జరిగింది, ఏం జరిగింది అని. అందరికీ ముక్కలు ముక్కలుగా చెప్పా. మొత్తం ఒకచోట పెట్టి ఎవరికీ చెప్పలేదు. నీకు చెప్తున్నా.

తొలి ఏకాదశి ఆదివారం. ఇక్కడి గుడికి అందరం బయల్దేరాం. మీ బావ మోకాలు నొప్పన్నాడు, "మీరు వెళ్ళి రండి, నేను కాసేపు పడుకుంటా" అన్నాడు. వాళ్ళన్నయ్య "సరేరా, రెస్ట్ తీసుకో" అన్నాడు. పదిన్నరకి వెళ్ళాం. పన్నెండుకి పక్కింటి గ్రెగ్ ఫోన్ చేశాడు.

పొగ అలారం మోగింది. మీ బావ లేచాడు. బయటికొచ్చాడు. ఇది బాగా విను. బయటికొచ్చాడు. ముందు లాన్‌లో గ్రెగ్ పక్కన నిలబడ్డాడు, ఒంటి మీద ఒక్క గాయం లేదు. ఫైరింజన్‌కి గ్రెగ్గే ఫోన్ చేశాడు. నాకు ఫోన్ చేయమంటే మీ బావ ఫోన్ తీసి, చెయ్యకుండా అలా చూస్తూ నిలబడ్డాడట. తర్వాత "వన్ మినిట్, మేట్" అని లోపలికి వెళ్ళాడు. గ్రెగ్ చొక్కా పట్టుకున్నాడట, విదిలించుకుని వెళ్ళాడు.

లాండ్రీ గుమ్మం దగ్గర దొరికాడు. ఆసుపత్రిలో రెండు రోజులుండి పోయాడు, నీకు తెలుసు. అక్కడ నాకొక ప్లాస్టిక్ సంచీ ఇచ్చారు. వాచీ, ఉంగరం, ఇంకా పెన్ను లాంటి ఇనప ముక్క ఒకటి, సగం కరిగిపోయి. "ఇది ఆయన పిడికిట్లో ఉంది" అన్నారు. గీతిక చూసి "మమ్, దట్స్ ఎ వేప్" అంది. పొగ బదులు ఆవిరి పీల్చే కరెంటు సిగరెట్టట. మంట ఆ లాండ్రీ కప్‌బోర్డ్‌లోనే మొదలైందట. అక్కడ ప్లగ్‌లో ఒక చార్జర్ ఉంది. పరీక్షించి పాస్ చేసినట్టు ఇక్కడ వేసే టిక్ గుర్తు లేని చార్జరని ఫైర్ ఆఫీసరమ్మ చెప్పింది.

గీతిక రోజూ ఫోన్‌లో ఒకటే అడుగుతోంది. "వై డిడ్ డాడ్ గో బ్యాక్ ఇన్?" అన్నం ముందు కూర్చుంటే అదే, స్నానానికి వెళ్తే అదే.

నీకు తెలుసా, ఎందుకెళ్ళాడో? పదకొండు రోజులు ఈ అద్దె ఇంట్లో నా దగ్గర ఉన్నావు. గిన్నెలు తోమావు, వచ్చినవాళ్ళకి టీలు పెట్టావు. ఒక్కసారి కూడా నా మొహంలోకి చూడలేదు.

అక్క


వెర్రిబీ,
ఆగస్టు 9

అక్కా,

నీ మెయిల్ చూశా. అన్నం తింటున్నావా లేదా? చారు పొడీ, మిరియాల చారు పొడీ పంపిస్తున్నా, నీళ్ళల్లో వేసి మరిగిస్తే చాలు, ఇంకేం చెయ్యక్కర్లేదు. నీలిమ అంటోంది, అక్కయ్యని ఇక్కడికి వచ్చేయమనండి, ముందు గది ఖాళీయే కదా, ఎండ కూడా బాగా పడుతుంది అని. నేనూ అదే అంటున్నా. లైబ్రరీ వాళ్ళు సెలవు ఇస్తారు, ఇవ్వకపోతే నేను మాట్లాడతా. ఇక్కడ మన వాళ్ళు చాలామంది ఉన్నారు, నీకు పొద్దు తెలీకుండా గడిచిపోతుంది. బావ ఎందుకు వెళ్ళాడంటే, ఏమో అక్కా, పాస్‌పోర్టులు, ఇంటి కాగితాలు ఏవో లోపల ఉంటాయి కదా, వాటి కోసం వెళ్ళుంటాడు, లేకపోతే అమ్మ ఫోటో కోసం, ఆ కంగార్లో మనిషికి ఏం తోస్తుందో ఎవరికి తెలుసు, ఆ వస్తువు దారిలో కాలికి తగిలి ఉంటుంది, తీసుంటాడు. నువ్వు ఎక్కువ ఆలోచించకు. గీతికకి కూడా అదే చెప్పు.

రేపు పార్సెల్ వేస్తా.

భాస్కర్


బ్రిస్బేన్,
ఆగస్టు 10

భాస్కర్,

పాస్‌పోర్టులు పడగ్గదిలో ఉంటాయి. అమ్మ ఫోటో హాల్లో ఉంటుంది. లాండ్రీలో ఉండేవి టవళ్ళు.

చిన్నప్పుడు నాన్న సైకిల్ చైన్ తెంపి నువ్వు అబద్ధం చెప్పిన రోజు కూడా ఇలాగే ఊపిరి తీసుకోకుండా మాట్లాడావు. పార్సెల్ వద్దు. పొడులు వద్దు. అడిగినదానికి చెప్పు.

అక్క


వెర్రిబీ,
సెప్టెంబరు 2

అక్కా,

మూడు వారాలు పట్టింది నాకు ఇది కొట్టడానికి. ఎనిమిదిసార్లు మొదలుపెట్టి తుడిపేశా. ఇవాళ కొట్టు మూసి కూర్చున్నా. "స్టాక్ లెక్క, క్లోజ్డ్" అని బోర్డు పెట్టా. అదీ అబద్ధమే.

ఆ చార్జర్ నేను పంపిందే. నీకు ఎప్పుడో అర్థమై ఉంటుంది. ఫోన్‌కి కాదు. బావ ఏప్రిల్‌లో ఫోన్ చేశాడు. "ఒరేయ్, మీ అక్కకి చెప్పనని ఒట్టేస్తే ఒకటి చెప్తా" అన్నాడు. సిగరెట్ ముట్టలేదురా, కానీ ఇదొకటి పట్టుకున్నా, రెండేళ్ళవుతోంది, మానలేకపోతున్నా అన్నాడు. ఆఫీసులో ఎవరి దగ్గరో కొన్నాడట. మందుల షాపులో అడగొచ్చు కదా, ఇప్పుడు ఇక్కడి చట్టం ప్రకారం ఇవి అక్కడే అమ్మాలి కదా అన్నా. అక్కడ కౌంటర్లో మన తెలుగమ్మాయే ఉందిరా, మీ అక్కకి తెలిసిపోతుంది అన్నాడు. ఇన్నాళ్ళూ ఆఫీసు కంప్యూటర్‌కి పెట్టి చార్జ్ చేసుకునేవాడట. ఈ ఏడాది నుంచి ఇంటి నుంచే పని కదా. డబ్బాలో తీగ మాత్రమే వస్తుంది, గోడకి పెట్టే ప్లగ్గు రాదు, ఒకటి పంపు అన్నాడు.

నేను ఏం చెప్పాలి అప్పుడు? పదకొండేళ్ళుగా చార్జర్లు అమ్ముతున్నా. అలాంటి బుల్లి వాటికి కొంచెం కరెంటు చాలు. లాప్‌టాప్‌కి పెట్టుకో బావా, గోడకి వద్దు అని చెప్పాలి. చెప్పా కూడా. "లాప్‌టాప్ హాల్లో ఉంటుంది, మీ అక్క అక్కడే తిరుగుతుంది" అన్నాడు. నవ్వేశా. అంత పెద్ద మనిషి ఎనిమిదో తరగతి కుర్రాడిలా మాట్లాడుతుంటే నాకు ముద్దొచ్చింది అక్కా. నన్ను నమ్మి రహస్యం చెప్పాడని సంతోషం కూడా వేసింది. చేతికందిన పెట్టెలోంచి ఒకటి తీసి పంపేశా. ఆ పెట్టె మీద టిక్ గుర్తు లేదు. ఇక్కడ గోడకి పెట్టే ప్రతిదాని మీదా ఆ గుర్తు ఉండాలని నాకు తెలుసు. హోల్‌సేల్ వాడు "గుర్తు ఒక్కటే తేడా, సరుకు అదే" అన్నాడు. నమ్మాలనిపించింది, నమ్మా.

ఇంకోటి ఉంది. జూన్‌లో ఒకావిడ అలాంటి చార్జరే వెనక్కి తెచ్చింది. ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంటోంది అంది. ఆ రోజే మొత్తం పెట్టె తీసేశా. కొన్నవాళ్ళల్లో గుర్తున్న వాళ్ళందరికీ ఫోన్ చేశా. బావకి మాత్రం మెసేజ్ పెట్టా. ఫోన్ చేస్తే నువ్వు పక్కనుంటావేమోనని. "బావా ఆ చార్జర్ వాడకు, వేరేది పంపుతా" అని. "ఓకే" అన్నాడు. వేరేది పంపాలంటే నీకు ఏం చెప్పి పంపాలో తోచలేదు. రెండో చార్జర్ ఎందుకురా అంటావు. ఏదో ఒక సాకు దొరికాక పంపుదామని ఆగా. అది ఇంకా నా డ్రాయర్‌లోనే ఉంది. గుర్తు ఉన్నది. మంచిది.

ఎందుకు లోపలికి వెళ్ళాడని అడిగావు. నాకు తెలుసక్కా. పొగ చూసిన వెంటనే ఆయనకి అర్థమై ఉంటుంది ఎక్కడ అంటుకుందో. ఫైర్ వాళ్ళొచ్చి దాన్ని బయటికి తీస్తారు, నువ్వూ వాళ్ళన్నయ్యా గుడి నుంచి వస్తారు, అందరి ముందూ అది నీకు తెలుస్తుంది. గీతిక తల మీద చెయ్యి వేసిన మనిషి. అందుకు వెళ్ళాడు. నీకు తెలియకూడదని వెళ్ళాడు.

నేను ఏప్రిల్‌లో నీకొక్క ఫోన్ చేసి "అక్కా, బావ ఇలా చేస్తున్నాడు, కొంచెం తిట్టు" అని ఉంటే బావ నాతో నెల రోజులు మాట్లాడేవాడు కాదు. అంతే కదా? నెల రోజులు.

నన్ను ఏమన్నా పడతా. ఏమీ అనకుండా మాత్రం ఉండకు.

భాస్కర్


స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్,
సెప్టెంబరు 14

భాస్కర్,

ఇంటికొచ్చా ఇవాళ. మిగిలిన సామాను ఏరుకోమని లోపలికి పంపారు. వంటిల్లు అంతా మసి, అయినా నిలబడే ఉంది. గట్టు మీద ఒకమూల తుడుచుకుని ఫోన్‌లో రాస్తున్నా.

నీ మెయిల్ చదివి మూడు రోజులు నిన్ను తిట్టా. గట్టిగా, పైకే తిట్టా, అద్దె ఇల్లు కదా గోడలు పల్చన, పక్కావిడ "ఆర్ యూ ఓకే, లవ్" అని తలుపు కొట్టింది. గుర్తు లేని వస్తువు నా ఇంటికి పంపావు. వేడెక్కుతోందని తెలిసి కూడా నాకు చెప్పలేదు. దానికి నిన్ను నేను ఎప్పటికి క్షమిస్తానో తెలీదు. చేస్తానో లేదో కూడా తెలీదు. ఈ మాట నీకు చెప్పాలి, చెప్పా.

ఇప్పుడు నాది విను.

నాకు తెలుసురా. మొదటి నుంచీ తెలుసు. స్టెంట్ వేసిన మూడో నెలలోనే తెలుసు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఉతుకుతున్న చొక్కాలు, వాటి వాసన నాకు తెలీదా? ఏ సబ్బుకి పచ్చి యాపిల్ వాసన జేబులోంచి వస్తుంది? లైబ్రరీలో కూర్చుని అదేంటో చదువుకున్నా. సిగరెట్ కంటే నయమేమో, మెల్లగా అదే మానేస్తాడులే అనుకున్నా. అడిగితే ఏమవుతుంది? కూతురి తల మీద ఒట్టు తప్పానని నా ముందు తల దించుకోవాలి ఆ మనిషి. అది చూడలేను అనిపించింది. తెలియనట్టు ఉండటమే మర్యాద అనుకున్నా. ఆయన దాచాడు, దాచడానికి నేను చోటిచ్చా. లాండ్రీ కప్‌బోర్డ్ వైపు వెళ్ళేటప్పుడు దగ్గి వెళ్ళేదాన్ని, ఆయన దాన్ని తీసేసుకోవడానికి టైం ఉండాలని. నువ్వు పంపిన చార్జర్ దేనికో కూడా ఆ రోజే తెలుసు. నీకు రాసిన ఉత్తరంలో నవ్వుకుంటూ రాశా చూడు.

ఆ ఆదివారం, గుడికి బయల్దేరే ముందు అక్కయ్య తడి జుట్టుతో వచ్చి టవల్ అడిగింది. "ఉండండి, నేను తెస్తా" అన్నా. "నువ్వెందుకు, ఎక్కడుంటాయో తెలుసులే" అని నా వెనకే వస్తోంది. నేను రెండు అంగలు ముందు వెళ్ళి తలుపు తీశా. కింద అరలో అది చార్జ్ అవుతోంది. చిన్న ఎర్ర లైటు వెలుగుతోంది. అక్కయ్య చూస్తే ఆ లైటేంటి అంటుంది, వెళ్ళి పెద్దాయనకి చెప్తుంది, ఈయన వాళ్ళన్నయ్య ముందు చిన్నబోతాడు. పై అరలో అమ్మ పాత చీరలతో కుట్టిన బొంత ఉంది కదా, అది లాగి దాని మీద కప్పేశా. చక్కగా, నాలుగు వైపులా సర్ది మరీ కప్పా. లైటు కనపడకుండా.

టవల్ ఇచ్చి తలుపేసి గుడికి వెళ్ళా. కారులో అనుకున్నా, తిరిగొచ్చాక తీద్దాంలే అని.

ఆఫీసరమ్మ అడిగింది, దాని మీద మందపాటి గుడ్డ ఎవరు కప్పారని. తెలీదన్నా. గీతికకీ చెప్పలేదు. నువ్వు "గుడ్డల మధ్య పెట్టొద్దని చెప్పు" అని రాశావు, నేను చదివా, ఆయనకి చెప్పా కూడా. ఆయన పెట్టలేదురా. ఖాళీ అరలో, చెక్క మీద, ఒంటరిగా పెట్టుకున్నాడు. గుడ్డ కప్పింది నేను.

నాకు తెలియకూడదని లోపలికి వెళ్ళాడన్నావు. లాన్‌లో నిలబడి ఫోన్ చేతిలో పట్టుకుని నాకు చెయ్యలేకపోయాడు. చేసుంటే, "ఏమండీ, నాకు తెలుసు, కాలిపోనివ్వండి దాన్ని, మీరక్కడే నిలబడండి" అనేదాన్ని. ఒక్క మాట. రెండేళ్ళుగా నోట్లో పెట్టుకు తిరిగిన మాటే.

రేపు గీతికకి ఫోన్ చేసి అంతా చెప్తా. ఆఫీసరమ్మకీ చెప్తా. నువ్వూ ఆ పెట్టె సంగతి వాళ్ళకి రాయి, గుర్తులేని హోల్‌సేల్ సరుకు ఎక్కడిదో. ఇంకా ఎవరి ఇంట్లో ఉందో. కొట్లో ఎవరైనా చార్జర్ అడిగితే దేనికని అడుగు. సిగ్గుపడి మాట మారిస్తే ఇంకోసారి అడుగు. పక్కన వాళ్ళ ఆవిడ ఉన్నా అడుగు.

డ్రాయర్‌లో ఉన్నది ఎవరికీ అమ్మకు.

ఇక్కడ కరెంటు తీసేశారు. టోస్టర్ పక్క ప్లగ్గు మాత్రం మసి తుడిస్తే కొత్తదానిలా ఉంది. రెండు చార్జర్లు పట్టే జాగా, ఒకటి ఆయన ఫోన్‌కి, రెండోది ఎప్పుడూ ఖాళీయే. రోజంతా నేను ఇక్కడే నిలబడతాను కదా, కళ్ళ ముందే ఉండేది. ఇక్కడ పెట్టుకోండి అని అనలేదు.

అక్క